ఏడు వోల్టులేగా అనుకున్నాను

ఆ రోజు తప్పు పూర్తిగా నాదే. నేను కుడతిని థర్మల్ స్టేషన్‌లో ఎలక్ట్రీషియన్‌ని. రోజూ వేల వోల్టుల మధ్య పనిచేసేవాణ్ని కాబట్టి, రిమోట్‌తో రాళ్లెక్కే నా చిన్న క్రాలర్ బొమ్మ ట్రక్కు బ్యాటరీని లెక్కచేయలేదు. కొత్త లిపో, అంటే లిథియం బ్యాటరీకి కనెక్టర్ మార్చాలని హాల్లోనే కూర్చున్నాను.

"పాప ఈడే పండుకోనుండాది, బయట చేసుకోరాదా?" అంది నా భార్య సరోజ.

"ఏడు వోల్టులకి ఏమైతాది లే!"

రెండు వైర్లనూ కటర్‌తో ఒకేసారి కత్తిరించాను. కటర్ అంచుతో అవి కలిసి షార్టై, ఠప్పున మెరుపు వచ్చింది. బ్యాటరీ ఉబ్బి, బుస్సుమని పొగ కక్కింది. ఊయలలో పాప దగ్గుతోంది. నేను కూర్చునే ఉన్నాను. సరోజే ఆ బ్యాటరీని చేత్తో పట్టి వాకిట్లోకి విసిరేసింది. అక్కడ పడగానే అది భగ్గుమంది.

పాపకేమీ కాలేదు. సరోజ అరచేయి కాలింది. ఆస్పత్రికి తీసుకెళ్లాను.

"ఏమైందప్పా?" అన్నాడు డాక్టరు.

"వంట చేస్తుంటే నూనె పడింది సార్" అన్నాను.

బయటికొచ్చాక సరోజ, "చేసింది నువ్వు, నింద నా పొయ్యి మీదనా?" అంది.

వెంటనే వెనక్కి వెళ్లి డాక్టరుకు నిజం చెప్పాను. మర్నాడు ప్లాంటులో పనికి ముందు జాగ్రత్తలు చెప్పే వంతు నాదే. నా నిర్లక్ష్యాన్నీ, నా అబద్ధాన్నీ తోటివాళ్లందరి ముందూ ఒప్పుకున్నాను.