ఖరీదైన తీగ, దీదీ చెవులు

కొత్త వైరు చుట్ట విప్పినప్పుడు వచ్చే రబ్బరు వాసన నాకు ఒక నవ్వును గుర్తు చేస్తుంది. నిన్న గోల్ ఘర్ బజారులో టీవీ స్పీకర్‌కి కేబుల్ కొనబోతే దుకాణదారు రెండు రకాలు బల్ల మీద పరిచి, “యే లే లో సార్, జమీన్ ఆస్మాన్ కా ఫరక్” అన్నాడు, ఇది తీసుకోండి, భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా అని. అతను ఖరీదైనదాన్ని విప్పగానే ఆ వాసన వచ్చింది. వెంటనే బతు బస్తీలో సావిత్రి దీదీ ఇంటి ముందు గది, దానికి అడ్డంగా కట్టిన పూల దుప్పటి కళ్ళ ముందుకొచ్చాయి. దుప్పటి వెనక నుంచి దీదీ మరదలు లక్ష్మి గొంతు: “ఇప్పుడు మోగుతున్నది మన పాత తీగేనండీ! కొత్తది ఇదిగో, నా మెళ్ళో వేసుకున్నాను!” ఆ మాటకు సావిత్రి దీదీ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. కొన్ని వారాలుగా ఆవిడ నవ్వగా మేం చూడలేదు.

సావిత్రి దీదీ మా దినపత్రికలో తెలుగు పేజీ చూసేవారు. వాళ్ళ నాన్నగారు శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు ఈ దీవులకు వచ్చి స్థిరపడ్డారు. దీదీ ఇక్కడే పుట్టారు. నాలాంటి వాళ్ళం ఇంట్లో తెలుగు, బడిలో హిందీ నేర్చుకున్నవాళ్ళం. మాట్లాడినంత బాగా రాయలేం. నేనైతే మొదట్లో తెలుగు వార్తను హిందీ అక్షరాల్లో రాసుకునేవాణ్ణి. అందుకని ఆవిడ మా కాగితాలు చూసేవారే కాదు. “చదువు, వింటాను” అని కళ్ళు మూసుకునేవారు. వాక్యం ఎక్కడ కుంటితే అక్కడ వేలు లేచేది. ఒకసారి నేను, “హాడో రేవుకు నౌక రావడం జరిగింది” అని చదివాను. వేలు లేచింది.

“వచ్చిందా, లేదా?”

“వచ్చింది దీదీ.”

“అయితే వచ్చిందనే చెప్పు. ఓడకి లేని నీలుగుడు నీకెందుకురా?”

ఆవిడ దిద్దుబాటంతా చెవితోనే. పేజీ నిలబడిందే దాని మీద.

రెండో పాఠం రేవులో నేర్పారు. రెండు డోంగీలు, అంటే చిన్న వేట పడవలు, గుద్దుకుని ఒకదాని పక్క పగిలింది. నేను వెళ్ళి, గట్టు మీద గుంపుగా ఉన్న వేటగాళ్ళను అడిగి వచ్చాను. అందరూ ఒకే మాట చెప్పారని గొప్పగా వినిపించాను.

“అందరూ ఒక్కచోటే నిలబడి చెప్పారా?” అన్నారు దీదీ.

“అవును.”

“అయితే నువ్వు విన్నది ఒక్కడి మాటే. మళ్ళీ వెళ్ళు. ఒకడి మాట ఇంకొకడి చెవిన పడకుండా అడుగు.”

వెళ్ళాను. ఒకణ్ణి టీకొట్టు దగ్గర, ఒకణ్ణి వలల దగ్గర, మరొకణ్ణి అతని ఇంటి గుమ్మంలో అడిగాను. ఎవరు ముందు పడవ తిప్పారన్నదానికి ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. పొద్దున అందరికంటే ముందు నోరు తెరిచినవాడి మాటే మిగతావాళ్ళకు అంటుకుంది.

దీదీకి ఉన్న ఒకే ఒక్క విలాసం ఆదివారం ఉదయం వినే పాటలు. వాళ్ళ నాన్నగారు వల బాగు చేసుకుంటూ పాడిన పద్యాలను ఎవరో టేపు మీద ఎక్కించారు. తర్వాత వాటిని సీడీ చేయించుకున్నారు. ఆవిడ తమ్ముడు సూరిబాబు ఓడలో పనిచేసేవాడు. సౌండ్ అంటే పిచ్చి. ఒక ప్రయాణంలో చెన్నై నుంచి కేబుల్ తెచ్చాడు. సీడీ ప్లేయర్‌ని యాంప్లిఫయర్‌కి కలిపే రెండు మూరల తీగ అది. దాని ధరకు డోంగీకి పాత ఇంజిన్ వస్తుంది.

“ఈ ఉప్పుగాలికి మామూలు తీగల కొసలు పచ్చబడిపోతాయక్కా. దీనికి బంగారం పూత” అన్నాడు.

“గుడ్డ పెట్టి తుడిస్తే పోద్ది కదేటి?” అంది అతని భార్య లక్ష్మి.

ఆ ఆదివారం చుట్టుపక్కల వాళ్ళందరం ఆ గదిలో చేరాం. తీగ మార్చగానే సూరిబాబు, “విన్నారా, వల తాడు లాగిన చప్పుడు కూడా!” అన్నాడు. పక్కింటాయన అవునన్నాడు. ఇంకొకరు, “నాన్నగారు ఇక్కడే కూర్చున్నట్టుంది భయ్యా” అన్నారు. నాకూ అలాగే అనిపించింది. దీదీ మాత్రం మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నారు.

తర్వాతి వారాల్లో ఆవిడ మా వార్తలు వినడం తగ్గించారు. కాగితం అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని చూసేవారు. ఒక సాయంత్రం నన్ను వరండాలోకి పిలిచారు.

“రమణా, పేజీ ఇంక నువ్వు చూసుకో.”

“ఏమైంది దీదీ?”

“అందరికీ ఫరక్ వినిపించింది. మా నాన్న గొంతులో అది నాకే వినిపించలేదు. చెవులు పోయాక ఈ కుర్చీలో ఎవర్ని మోసం చెయ్యడానికి కూర్చోవాలి?”

“ఆ రోజు మేమంతా ఒక్కచోటే కూర్చుని చెప్పాం కదా?” అన్నాను.

ఆవిడ నన్ను తేరిపార చూశారు. “నా కర్రతో నన్నే కొడతావేంట్రా?” అన్నారు. కానీ వచ్చే ఆదివారానికి దుప్పటి కట్టమని లక్ష్మికి ఆవిడే చెప్పారు.

దుప్పటి వెనక లక్ష్మి తన ఇష్టమొచ్చినట్టు తీగ మారుస్తుంది, లేదా మార్చినట్టు నటిస్తుంది. మిగతావాళ్ళు బయట వరండాలో ఉండగా ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి విని, ఏది ఖరీదైనదో చెప్పాలి. పక్కింటాయన ఒక ముక్కకు అవునని, మళ్ళీ అదే ముక్కకు కాదని అన్నాడు. నేను చెప్పినవి సగం తప్పాయి. దీదీ అన్నీ విని, “నాకు అన్నీ ఒకటే” అన్నారు. సూరిబాబు మాత్రం ఒకచోట చెయ్యెత్తి, “ఇదే! పక్కా ఇదే! తాడు చప్పుడు వినిపిస్తోంది!” అని అరిచాడు. వరండాలో ఉన్న మాకందరికీ వినిపించేంత గట్టిగా. మేం లోపలికి వచ్చేసరికి లక్ష్మి ఆ మాట అని దుప్పటి తీసింది; ఆమె మెడలో కొత్త తీగ దండలా వేలాడుతోంది.

“అంటే మరి నా చెవులు?” అన్నాడు సూరిబాబు, పాలిపోయి.

“నీ చెవులు బాగానే ఉన్నాయి. పాట కంటే ముందు తీగ రేటు విన్నాయి, అంతే” అంది లక్ష్మి.

దీదీ నవ్వడం ఆపి నా వైపు తిరిగారు. “రేపటి వార్త తెచ్చావా? చదువు.” కళ్ళు మూసుకున్నారు. రెండో వాక్యంలోనే వేలు లేచింది. దాన్ని చూసి అంత తేలికగా ఊపిరి పీల్చుకున్నది నేనొక్కణ్ణే కాదు. వంటింటి గుమ్మంలో లక్ష్మి కూడా కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ తర్వాత ఆవిడ ఆ పేజీని చాలా ఏళ్ళు నడిపారు. ఇప్పుడు లేరు. ఇప్పటికీ నేను రాసింది పైకి చదవనిదే పంపను. నలుగురు ఒకే మాట చెబితే, వాళ్ళు కలిసి కూర్చుని చెప్పారా అని అడగకుండా ఉండలేను. నిన్న దుకాణంలో చవకది తీసుకుని వచ్చేశాను.

అయితే, పత్రికలో పనిచేసినవాణ్ణి కనుక ఇది కూడా చెప్పాలి. ఆ ఆదివారం మేం పరీక్షించింది తీగను, ఆవిడ చెవుల్ని కాదు. చెవి డాక్టరు దగ్గరికి వెళదామని తర్వాత ఎన్నిసార్లు అడిగినా దీదీ రాలేదు. ఆవిడకు ఎంత వినిపించేదో మాకెవరికీ తెలియదు.