తెల్ల తువ్వాల వెనుక ముఖం

మొన్న ఇంటికి వచ్చిన మా బిడ్డ, నిరుడు కాలం చేసిన వాళ్ళమ్మ ఫోటోలోని పసుపుదనమంతా ఫోన్లో వేలితో ఒక్క నొక్కు నొక్కి తీసేసి, "బాపూ, అవ్వ మొఖం పచ్చగున్నదని జర సాఫ్ చేసిన, గోడకు పెట్టుకో" అని చూపించింది. చూస్తే, నా భార్య పౌడరు డబ్బాలో పడి లేచినట్టుంది. "గీమె ఎవలు బిడ్డా, మన చుట్టమేనా?" అన్నాను. బిడ్డ నవ్వింది, నా నవ్వే సగంలో ఆగింది.

ఏడో తరగతిలో బడికీ నాకూ రాజీ కుదిరి ఎవరి దారిన వాళ్ళం పోయాక, మెట్‌పల్లి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసి బతికినవాణ్ణి. రీలు పోయి డిజిటల్ కెమెరా వచ్చిన కొత్తలో, రంగుల సంగతి అదే చూసుకుంటుందని నమ్మి ఒక ఇంట్లో పెళ్ళికూతురికి నలుగు పెడుతుంటే ఫోటోలు తీశాను. ఇంత పసుపు బల్బు వెలుతురుదే అయి ఉంటుందనుకుని, కెమెరా ఆ పిల్ల ఒంటి పసుపును కూడా తుడిచేసింది. "పసుపు పూస్తే సున్నం పూసినట్టు దించినవేందయ్యా!" అని పిల్ల తల్లి నన్ను దులిపేసింది.

అప్పటినుంచి ఏ గదిలోకి పోయినా, అక్కడి వెలుతురులో ముందు ఒక తెల్లగుడ్డను ఫోటో తీసి, తెలుపంటే ఇదీ అని కెమెరాకు నేర్పాకే పని మొదలుపెట్టేవాణ్ణి. ఆడవాళ్ళ గదుల్లో తోడుండాలని ప్రతి పెళ్ళికీ వచ్చే నా భార్యే ఆ గుడ్డ పట్టుకునేది. బల్బు కింద నిలబడి తెల్ల తువ్వాల ముఖానికి అడ్డంగా చాచి, "ఇంకెంతసేపయ్యా? నీ డబ్బకు తెలుపేదో గూడ తెల్వదా?" అని దాని వెనుకనుంచి సణిగేది.

ఊరందరి ముఖాలూ తీసిన నాకు, ఆమె పోయాక వెతికితే దొరికినవన్నీ ఆ తువ్వాల ఫోటోలే: అంచున వేళ్ళు, కింద పాదాలు. ముఖం కనిపించేది ఒక్కటే. కెమెరాకు ఇంకా తెలుపు నేర్పకముందే తువ్వాల దించి నన్ను వెక్కిరిస్తుంటే, నవ్వుతూ నొక్కేశాను. బల్బు పసుపంతా ఆమె మీదే పడింది.

బిడ్డకు నచ్చజెప్పి, పసుపుదాన్నే ఫ్రేము కట్టించాను. సాయంత్రం ట్యూబ్‌లైటు వేస్తే, గోడమీద ఆ ఒక్కచోటే పాత బల్బు వెలుగుతున్నట్టుంటుంది. మా కాలపు కెమెరాకు తెలుపేదో చెప్పాలంటే ఎదురుగా ఒక మనిషి నిలబడాలి. ఇప్పటి ఫోన్లకు ఆ అవసరం తీరిపోయింది. నిన్న ఆమె తువ్వాలను దండెం మీద ఆరేసి, ఊరికే ఒక ఫోటో తీశాను. తెలుపు చక్కగా కుదిరింది. సణిగేవాళ్ళే లేరు.