వెలిచ్కా చెయ్యిపడ్డ ఏడో వరస

ప్లోవ్‌దివ్ పట్నం పక్కన మా సహకార సంఘం గాజుపాకల్లో టమాటా పనులకు పెద్ద వెలిచ్కా. ఆమె గొంతు వినబడితే మగవాళ్లు వెలిగించిన సిగరెట్టును జేబులో కుక్కుకునేవాళ్లు. పొగాకులోని వైరస్ వేళ్లకంటుకుని మొక్కలకు పాకుతుందని ఆమె భయం. పాలు తగిలితే వైరస్ మొక్కకు అంటదని గుమ్మం దగ్గర వెన్నతీసిన పాలబకెట్టు పెట్టి, అందులో చేతులు ముంచనిదే ఎవరినీ లోపలికి రానిచ్చేది కాదు.

"చేతులకేమో పాలు! మాకు కాఫీలోకి చుక్క లేదు," అనేవాడు మింకో. నలభై ఏళ్లుగా పొగ మానని మనిషి.

ఆ ఏడు వ్యవసాయాధికారి తొతెవ్ నారుమొక్కల మీద ఏవో నీళ్లు కొట్టించాడు. అందులో ఉన్నదీ వైరసేనట, సాధురకం. అది ముందే మొక్కలో చేరితే, దాని జాతిలోనే ఉన్న దుష్టరకానికి చోటు దొరకదట.

"అయితే ఇక నేను కాల్చుకోవచ్చన్నమాట," అన్నాడు మింకో.

"కాల్చి చూడు, ఈ బకెట్టు నీ నెత్తిన బోర్లిస్తా!"

మే నెలాఖర్లో ఏడో వరసలో కాండాల మీద గోధుమరంగు చారలు లేచాయి. కాయలు మచ్చలుపడ్డాయి. మిగతా వరసలు నవనవలాడుతున్నాయి. వెలిచ్కా నేరుగా వెళ్లి మింకో జేబులు తిరగేసింది. నాలుగు సిగరెట్లు, ఒక వంకర మేకు దొరికాయి.

"ఒట్టు అక్కా! ఆ వరస మొహం కూడా చూళ్లేదు నేను."

తొతెవ్ ఆకులు పరీక్షకు పట్టుకెళ్లి, వారానికి తిరిగొచ్చాడు.

"దీంట్లో రెండు వైరస్‌లున్నాయి. ఒకటి మనం ఇచ్చిందే. రెండోది బంగాళాదుంపలది. విడివిడిగా ఏదీ పెద్దగా చెయ్యదు. రెండూ కలిస్తే మొక్క పని అయిపోయినట్టే. ఎవరో దుంపమొక్కలు పీకి, ఆ చేతుల్తోనే ఇక్కడ పిలకలు గిల్లారు. ఈ వరస ఎవరు చేశారు?"

వెలిచ్కా మెడ ఎర్రబడింది. అంతకు కొద్దివారాల ముందు జిల్లా నుంచి అతిథులొచ్చారు. వాళ్ల భోజనానికని ఆమె పొద్దున్నే పెరట్లో కొత్తదుంపలు పీకి, పరుగున వచ్చి, పిలకలు గిల్లడం ఎలాగో ఏడో వరస పొడుగునా తనే చేసి చూపించింది. ఆ హడావిడిలో పాలబకెట్టు గుర్తు రాలేదు.

"నేనే," అంది.

మింకో నవ్వాపుకోలేక దగ్గాడు. "దుంపలు మాత్రం కమ్మగా ఉన్నాయక్కా."

"నోర్ముయ్. సంచులు పట్రా."

ఏడో వరసంతా ఆమె ఒక్కతే పీకి కాల్చేసింది. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. మిగతా వరసలు ఆ ఏడు విరగకాశాయి. మరుసటేడు ఆమె పెరట్లో దుంపలు మానేసి చిక్కుళ్లు వేసింది. మూడుపూటలా చిక్కుళ్లే వండుతోందని ఆమె మొగుడు అలిగి, నెలరోజులు మా ఇంట్లో భోంచేశాడు.