గోలు పడని ఏడాది

మా మేడమ్ పోయారన్న కబురు ఆదివారం పొద్దున ఫోన్లో వచ్చింది. మా పాత ఫుట్‌బాల్ టీము పేరుతో ఒక గ్రూపు ఉంది. అందులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడి ఏళ్ళవుతోంది. పండగలకి ఎవడో ఒకడు దీపం బొమ్మ పెడతాడు, దానికి బదులు రాదు. అలాంటి గ్రూపులో మేడమ్ వాళ్ళ అక్క కొడుకు ఆవిడ ఫోను నుంచే రెండు ముక్కలు రాశాడు. తెల్లవారుజామున గుండెపోటు వచ్చిందని, సాయంత్రంలోపు చిలకలూరిపేటలో దహనమని. ఎవరెవరు చదివారో తెలుస్తూనే ఉంది గానీ ఒక్కరూ ఏమీ రాయలేదు. నేను ఇద్దరి పేర్ల కోసమే వెతికాను. కోటేశు చదివాడు. అంజి చదివాడు.

మా ఆవిడ విషయం విని కాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. తర్వాత నెమ్మదిగా అడిగింది, ఆ ఇద్దరూ వస్తారా అని. చావు కబురు విన్న మనిషి అడగాల్సిన మొదటి మాట అది కాదు. మా ఊళ్ళో మాత్రం అదే మొదటి మాట.

మేడమ్ మా హైస్కూల్లో వ్యాయామం టీచరు. మా ఊరు నకరికల్లుకీ రొంపిచెర్లకీ మధ్య ఉంటుంది. ఆవిడది చిలకలూరిపేట. వాళ్ళ నాన్న జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఆవిడ బదిలీ మీద వచ్చేదాకా మా ఊరికి తెలిసిన ఆటలు కబడ్డీ, క్రికెట్టూ. నల్లరేగడి నేల, ఎండాకాలం వస్తే కాలు పట్టేంత నెర్రెలు. అక్కడ ఫుట్‌బాల్ ఏంటని హెడ్‌మాస్టరు కూడా నవ్వాడట. ఆవిడ మా చేత నెర్రెల్లో మట్టి పూడిపించి, సర్కారు తుమ్మ ముళ్ళు ఏరించి, తనే వంగి ముగ్గుపిండితో గీతలు గీసింది.

ఈల మెళ్ళో వేలాడుతుండేది గానీ ఊదేది తక్కువ. చప్పట్లు కొట్టి పిలిచేది. ఆట మొదలయ్యే ముందు ఒక్కొక్కడి ముందూ గొంతుక్కూర్చుని బూటు లేసు ముడి లాగి చూసేది. మీరే కట్టుకోండి అని ఎప్పుడూ వదిలేయలేదు. తిట్టాల్సి వస్తే మనిషి మొహం చూడకుండా, ఇంకెవరి గురించో అన్నట్టు తిట్టేది. నేను గోలీని, అంటే గోల్‌కీపర్ని. నేను పరాకుగా ఉంటే, "మా గోలీ గారికి మధ్యాన్నం పప్పన్నం బాగా కుదిరినట్టుంది," అనేది గాల్లోకి చూస్తూ.

ఆవిడ దగ్గర ఒక ప్రశ్న ఉండేది. ఓడిపోయి వచ్చినప్పుడు మేము ఒకడి మీద ఒకడు చెప్పుకోవడం మొదలుపెడితే, అంతా విని, "అంతకుముందు?" అనేది. గోలు ఎందుకు పోయింది? వాడు సరిగ్గా తన్నలేదు. అంతకుముందు? బంతి ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు? ఇలా వెనక్కి వెనక్కి తీసుకెళ్ళేది. చివరికి ఎక్కడో నేను బంతిని తొందరపడి విసరడం దగ్గరో, ఎవడో నీళ్ళ సీసా కోసం పక్కకి చూడటం దగ్గరో తేలేది. అక్కడికొచ్చేసరికి తిట్టుకునే ఓపిక ఎవరికీ మిగిలేది కాదు. నవ్వుకుని ఇళ్ళకి పోయేవాళ్ళం.

పదో తరగతి అయిపోయినా మేము ఆట వదల్లేదు. ఊరి పేరు మీద టీముగా గురజాల, మాచర్ల, నరసరావుపేట తిరిగాం. కోటేశు ముందుండి గోల్స్ కొట్టేవాడు. అంజి మధ్యలో ఉండి వాడికి బంతులు అందించేవాడు. అంజి తన్నిన బంతి ఎక్కడ పడుతుందో కోటేశుకి చూడకుండానే తెలిసేది. కోటేశు వాళ్ళది కింద బజారు, అంజి వాళ్ళది పై బజారు. ఆ మాటకి అర్థం మా వైపు వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతా వారికి చెబుతాను. రెండు బజార్లకీ రెండు పార్టీలు, రెండు టీ బంకులు, రెండు వినాయకుడి పందిళ్ళు. వాళ్ళ తాతల కాలంలో తలకాయలు పగిలిన ఊరు మాది. మా నాన్నది కిరాణా కొట్టు కాబట్టి రెండు బజార్ల వాళ్ళూ మాకు కావాల్సినవాళ్ళే.

కిందటి పంచాయతీ ఎన్నికలు దగ్గరపడుతున్న ఏడాది మా టీముకి గోల్స్ పడటం ఆగిపోయింది. ఒక మ్యాచ్ అంటే అనుకోవచ్చు. మ్యాచ్ తర్వాత మ్యాచ్. నేను ఎన్ని ఆపినా అవతలివాళ్ళు ఒకటి కొట్టేవాళ్ళు, మా వైపు నుంచి సున్నా. తప్పెవరిదన్న వాదన మొదలైంది. పై బజారు బంకు దగ్గర కోటేశుకి పొగరెక్కింది, కాలు తిరగడం లేదు అన్నారు. కింద బజారు బంకు దగ్గర అంజి బంతి ఇవ్వడం లేదు అన్నారు. మొదట్లో అది ఆట గురించిన మాటే. పెద్దవాళ్ళు కూడా గ్లాసులతో బల్ల మీద మా స్థానాలు పెట్టి వాదించుకుంటుంటే నాకు ముచ్చటగానే ఉండేది.

తర్వాత ఒక వీడియో వచ్చింది. గురజాల మ్యాచ్‌లో ఎవరో తీసింది. అంజి దగ్గర బంతి ఉంది, కోటేశు చెయ్యెత్తి ఖాళీలో నిలబడ్డాడు, అంజి వాణ్ణి చూసి మరీ వెనక్కి తిరిగి ఇంకెవరికో ఇచ్చాడు. అది ఊళ్ళో ప్రతి ఫోన్‌లోకీ పాకింది. ఆ వారంలోనే కోటేశు వాళ్ళ గడ్డివాము తగలబడింది. బీడీ ముక్క పడిందన్నారు. తర్వాత అంజి బండి టైర్లు కోసేశారు. బంకుల దగ్గర అరుపులు తగ్గిపోయాయి. నాకు భయం వేసింది అప్పుడే. మా ఊళ్ళో జనం గట్టిగా మాట్లాడుకుంటున్నంతసేపూ ఏమీ కాదు.

మేడమ్ మమ్మల్ని గ్రౌండులో కూర్చోబెట్టింది. వీడియో సంగతి ఎత్తకుండా ఎప్పటిలాగే మొదలుపెట్టింది. కోటేశు ఎందుకు కొట్టలేదు? బంతి రాలేదు. అంతకుముందు? అంజి ఇవ్వలేదు. ఆవిడ అంజి వైపు తిరిగి, "అంతకుముందు?" అంది.  అంజి చూపు గ్రౌండు చివర ఆగి ఉన్న తెల్ల కారు మీదికి పోయి, చటుక్కున నేలకి దిగింది. ఆ కారు వాళ్ళ పెదనాన్నది. తండ్రి లేని అంజినీ వాళ్ళమ్మనీ సాకుతున్నది ఆయనే. మేడమ్ కూడా కారుని చూసింది. ఆవిడ ఆ ప్రశ్న మధ్యలో వదిలేయడం నేను చూసింది ఆ ఒక్కసారే. లేచి దులుపుకుని, ఇవాళ్టికి చాలు, పొండి అంది.

మర్నాడు నన్ను బండి మీద తీసుకెళ్ళమంది. ఎక్కడికంటే అంజి వాళ్ళ పెదనాన్న ఇంటికి, ఊరంతా పెద్దాయన అనేది ఆయన్నే. వద్దు మేడమ్ అన్నాను. సరే, నడిచిపోతానంది. తీసుకెళ్ళాను.

పెద్దాయన వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. మర్యాదగా లేచి కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. మేడమ్ డొంకతిరుగుడు లేకుండా అడిగింది, అంజిని బంతి ఇవ్వొద్దన్నది మీరేనా అని. ఆయన కాదనలేదు.

"చూడండి మేడమ్. మావాడు బంతి ఇస్తే ఆడు గోలు కొడతాడు. ఊరంతా ఆణ్ణి భుజాన ఎత్తుకుంటది. రేపు వాళ్ళ నాయన సర్పంచికి నిలబడుతున్నాడు. నా చేతులతో నేనే గెలిపించుకోనా?"

"అంతకుముందు?" అంది మేడమ్.

ఆయనకి ఆ మాట అలవాటు లేదు. ఏమడుగుతోందో అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక చెప్పాడు. కోటేశు వాళ్ళ తాత ఈ పెద్దాయన తండ్రిని చేలో గొడ్డలితో నరికిన సంగతి, ఊరందరికీ తెలిసిందే, ఏదో వేరే ఊరి కథ చెప్పినట్టు గొంతు పెంచకుండా చెప్పాడు.

"అంతకుముందు?" అంది మేడమ్ మళ్ళీ.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.  గొడ్లపాకలో గిట్టల చప్పుడు వినిపిస్తోంది. ఆఖరికి ఆవిణ్ణి కాకుండా నన్ను చూశాడు.

"ఈ అబ్బాయి కొట్టాయన కొడుకు కదా. మీ నాయన పొద్దున్నే కొట్టు తీస్తాడు, మంచోడు. ఎండ ఎక్కుతుంది, మేడమ్‌ని జాగర్తగా దింపు నాయనా."

ఆయన మా నాన్న కొట్టు మాట ఎందుకెత్తాడో మా ఇద్దరికీ తెలుసు.  దిగేటప్పుడు నా భుజం మీద ఒక నిమిషం చెయ్యి ఉంచింది.

ఆ వారం చివర మా గ్రౌండులోనే మ్యాచ్. జనం ఎప్పుడూ లేనంత వచ్చారు. ఆడవాళ్ళు రాలేదు. కింద బజారు నుంచి వచ్చిన ట్రాక్టరు తొట్లో పట్టా కప్పి ఉంది, దాని కింద ఏమున్నాయో అడగాల్సిన పని లేదు. ఇవాళ అంజి బంతి ఇవ్వకపోతే వాడు నడిచి ఇంటికి పోడని ఎవడో నా వెనక నెమ్మదిగా అన్నాడు. అంజి లేసు కట్టుకోలేకపోతున్నాడు. మేడమ్ వాడి ముందు కూర్చుని రెండు బూట్లకీ ముడి వేసింది. లేచి తిన్నగా కామెంట్రీ చెప్పేవాడి దగ్గరికెళ్ళి మైకు తీసుకుంది.

"కోటేశుకి బంతి ఇవ్వొద్దని అంజికి చెప్పింది నేను. వాడు నా మాట విన్నాడు. గోల్స్ పడకపోతే తప్పు నాది. అడిగేదేమన్నా ఉంటే నన్నడగండి."

 తిట్లు మొదలయ్యాయి. వాటిని ఇక్కడ రాయను. ఆడమనిషి చేతిలో టీము పెడితే ఇంతే అన్నవాళ్ళలో రెండు బజార్ల వాళ్ళూ ఉన్నారు. ఎవరో విసిరిన నీళ్ళ ప్యాకెట్టు ఆవిడ భుజానికి తగిలి పగిలింది. కోటేశు నడిచి వచ్చి ఆవిడ ముందు నిలబడి ఎందుకు మేడమ్ అని అడిగాడు. ఆవిడ నా ఇష్టం అంది. వాడు చొక్కా విప్పి ఆవిడ కాళ్ళ దగ్గర పడేసి వెళ్ళిపోయాడు. ఆవిడ దాన్ని తీసి, మట్టి దులిపి, మడతపెట్టింది. మ్యాచ్ జరగలేదు. వాళ్ళు కర్రలు తెచ్చింది ఒక టీచరమ్మని కొట్టడానికి కాదు. కాసేపు అటూ ఇటూ తిరిగి, పట్టా తీయకుండానే ట్రాక్టరు వెనక్కి పోయింది.

బస్టాపుకి దింపుతూ, మీరు అబద్ధం చెప్పారు అన్నాను. ఆవిడ తడిసిన భుజం తుడుచుకుంటూ అంది: "నిజం చెప్తే పెద్దాయనకేమీ కాదురా. దెబ్బ అంజికి పడుద్ది. వాళ్ళిద్దరిలో ఎవడో ఒకడు ఎత్తేదాకా నువ్వీ మాట ఎత్తమాక."

పై అధికారులకి అర్జీలు వెళ్ళాయి. ఊళ్ళో కక్షలు రేపుతోందని రాశారట. ఆవిణ్ణి మాచర్ల దాటి కృష్ణ ఒడ్డున ఒక ఊరికి వేశారు. టీము పోయింది. ఎన్నికలు పోలీసు కాపలాలో జరిగాయి, పెద్దాయన మనిషే గెలిచాడు. ఆ ఏడు మా ఊళ్ళో ఎవరి ప్రాణమూ పోలేదు. అది ఎవరి వల్లో ఊరికి తెలియదు.

నేను ఒకసారి ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళాను. అక్కడ ఆడపిల్లలతో ఫుట్‌బాల్ ఆడిస్తోంది. పాదాలు వాచి బూట్లు పట్టక చెప్పులతో తిరుగుతోంది. ఒక్కో పిల్ల ముందూ వంగుతుంటే మోకాలి మీద చెయ్యి ఆనించాల్సి వస్తోంది. వేయించిన వేరుశనక్కాయలు నా దోసిట్లో పోసి, ఊరి సంగతులన్నీ అడిగి, చివరికి అసలు సంగతి అడిగింది.

"కోటేశు ఇంకా నన్ను తిడతన్నాడా?"

తిడుతున్నాడన్నాను.

"తిట్టనీ. తిట్టడానికైనా ఉన్నాడుగా," అని పిల్లల వైపు తిరిగి చప్పట్లు కొట్టింది.

చిలకలూరిపేటలో ఆవిడ ఇంటిముందు ఆ కృష్ణ ఒడ్డు పిల్లలే ఎక్కువమంది ఉన్నారు. ఆటోల్లో, ఆట దుస్తుల్లోనే వచ్చారు. అంజి ఒక మూల గోడకి ఆనుకుని ఉన్నాడు. వాడిప్పుడు లారీ తోలుతున్నాడు. కోటేశు లోపలికి రాలేదు. రోడ్డుకి అవతల నిలబడి ఉన్నాడు. ఇంతదూరం వచ్చి లోపలికెందుకు రావడం లేదో, లోపలికి రానివాడు అసలెందుకు వచ్చాడో వాడికే తెలియనట్టుంది. అంజి వాణ్ణి చూసి గోడ వదిలి రోడ్డు దాటాడు.  నేనూ వెనకే వెళ్ళాను.

అంజి నిలబడకుండానే చెప్పేశాడు. మేడమ్ నాతో ఏమీ చెప్పలేదురా, నీకు ఇవ్వొద్దన్నది మా పెదనాన్న, ఇస్తే మా అమ్మని రోడ్డు మీద పెడతానన్నాడు అని. అంతే. కోటేశు వాడి మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.  నేను ఇద్దరి మధ్యకీ అడుగు వేశాను.

"నువ్వు నాకు చెప్తున్నట్టు మీ పెదనాన్నకి తెలుసా?" అన్నాడు కోటేశు.

"తెలీదు."

"అయితే ఇంకెవరితో అనమాక. మా నాన్నోళ్ళకి అసలే తెలియకూడదు. మళ్ళీ ఎలచ్చన్లు వస్తన్నయ్."

అలా అని రోడ్డు దాటి లోపలికెళ్ళాడు. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు. పాడె లేపేటప్పుడు ముందు కొమ్ము వాడు పట్టాడు, వెనక కొమ్ము అంజి. స్నానాలయ్యాక నా కారు దగ్గర కోటేశే అంజితో ఎక్కు అన్నాడు. దారిలో వాళ్ళు ఆట గురించి మాట్లాడుకున్నారు. గురజాల గ్రౌండులో గోలు స్తంభం ఒకవైపుకి ఒరిగి ఉండేదని ఒకడంటే, ఒరిగింది కుడివైపుకా ఎడమవైపుకా అని ఇంకొకడు. నేను అద్దంలో వాళ్ళని చూస్తూ నడిపాను.

మా ఊరు ఇంకా కాస్త దూరం ఉందనగా, మిరపకాయలు ఆరబోసిన కళ్ళాల దగ్గర అంజి కారు ఆపమన్నాడు. ఎందుకని మేమిద్దరం అడగలేదు. దిగి తలుపు చప్పుడు కాకుండా మూశాడు. పొద్దు వాలుతోంది. మేము ముందుకి వచ్చేశాం. ఊరి మొదట్లో రెండు పార్టీల కొత్త ఫ్లెక్సీలు ఎదురెదురుగా కట్టి ఉన్నాయి, వాటి కింద అటు కొందరు, ఇటు కొందరు కూర్చుని ఉన్నారు. కారు దగ్గరికి రాగానే మాటలు ఆపి, లోపల ఎవరెవరు ఉన్నారోనని వంగి చూశారు. కోటేశు వాళ్ళ వైపు తిరగలేదు. వెనక అద్దంలో, ఎర్రటి కళ్ళాల పక్కన, అంజి ఒక్కడే తల వంచుకుని నడిచి వస్తున్నాడు.