చిప్ మీది నల్ల టేపు

మా తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చేసినప్పుడు వెంట తెచ్చుకున్నవి ఒక బట్టల సంచి, ఒక అట్టపెట్టె. తొంభైల చివరి సంగతి. వాడు పనిచేసిన చిన్న కంపెనీ, చేతిలో పట్టుకుని ఆడుకునే వీడియోగేము తయారుచేయాలనుకుంది. విదేశీవి కొనలేని మన పిల్లల కోసం. ఒక్కటి కూడా అంగట్లోకి రాకముందే మూతపడింది. ఎవరి బల్ల మీద ఉన్నది వాళ్లు తీసుకుపొమ్మన్నారట. వాడి బల్ల మీద ఒక నమూనా ఉంది.

నమూనా చూడ్డానికి బాగుండేది కాదు. అరచేతికన్నా కొంచెం పెద్ద ఆకుపచ్చ బోర్డు, దాని మీద బూడిదరంగు తెర, నాలుగు మీటలు, వెనక రబ్బరు బ్యాండుతో కట్టిన సెల్లుల డబ్బా. పైన ప్లాస్టిక్ తొడుగు లేదు. వైర్లన్నీ బయటే ఉండేవి.

అమ్మ దాన్ని చూసి, "ఏందప్పా ఇది, పేగులన్నీ బయటే ఉండాయి," అంది.

"కడుపు లాస్టులో కుడతార్లేమ్మా," అన్నాడు వాడు.

మా ఇల్లు ఆళ్లగడ్డలో. నాయన మా చిన్నప్పుడే పోయాడు. నేను నంద్యాల బడిలో టీచరుగా ఉంటూ రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేదాన్ని. తమ్ముడు నా దగ్గర చేరి, ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాడు. క్లాసులు లేని వేళల్లో అక్కడి కంప్యూటర్ మీదే ఆ నమూనాలో ఆడే గేము రాసి, ఫ్లాపీల్లో దాచుకునేవాడు. కంపెనీ లేదు, కొనేవాళ్లు లేరు. ఎందుకు రాస్తున్నావని నేను అడగలేదు. అచ్చు కాని పుస్తకాలు రాసుకునేవాళ్లను ఎరుగుదును.

గేములో ఒక బస్సు. నంద్యాలలో బయలుదేరి, ఆళ్లగడ్డ మీదుగా చాగలమర్రి చేరాలి. దారిలో బర్రెలు అడ్డం వస్తాయి, లారీలు ఎదురొస్తాయి. బస్సు అంటే కొన్ని నల్ల చుక్కలు. అయినా గుర్తుపట్టవచ్చు.

ఆ ప్రోగ్రాం అంతా ఒక్క చిప్‌లో ఉండేది. చిప్ వీపు మీద గుండ్రంగా చిన్న గాజు కిటికీ. పాతది చెరిపి కొత్తది ఎక్కించాలంటే ఆ కిటికీకి ఊదారంగు దీపపు వెలుతురు చూపించాలి. ఇన్‌స్టిట్యూట్‌లో దానికొక పెట్టె ఉండేది. చెరిపిన చిప్‌ను కంప్యూటర్‌తో చదివిస్తే తెర నిండా ఎఫ్ అన్న ఇంగ్లీషు అక్షరమే వరసలు వరసలుగా కనిపించేది. ఖాళీ అంటే అదేనని వాడు నాకు చూపించాడు. కొత్తది ఎక్కించాక కిటికీ మీద కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు ముక్క అంటించేవాడు.

"అదెందుకు?"

"ఎండ తగిల్నా చెరిగిపోతాదక్కా. దీపమైతే కాసేపట్లో, ఎండైతే వారం దినాలు. మన ఎండకు ఇంకా బేగా."

ప్రతి కొత్త ప్రతినీ మొదట ఆడేది నేనే. ఆళ్లగడ్డ దాటాక రోడ్డు పక్కన ఒక ముసలామె చెయ్యెత్తి పరిగెత్తుతూ వచ్చేది. బస్సు ఆగేది కాదు. ఆమె తెర అంచుదాకా పరిగెత్తి మాయమయ్యేది.

"ఆమెను ఎక్కించుకోవా?"

"అది ఉత్త బొమ్మక్కా. చెట్టు మాదిరి."

"చెట్టు చెయ్యెత్తుతాదా?"

"ఏం టీచరమ్మవి. గేములో గూడా తప్పులు దిద్దుతాండావ్." కొంతసేపు బోర్డు వైపు చూశాడు. "చిప్‌లో జాగా ల్యా. ఆమె ఎక్కాలంటే ఇంగెవరన్నా దిగాల."

ఆ ఏడాది ఎండలు మొదలయ్యే వేళకు వాడికి కామెర్లు వచ్చాయి. పసరు పోయించాం. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టాయి. ఒంట్లో బాగోకపోయినా ఇన్‌స్టిట్యూట్‌కు పోవడం మానలేదు. ఒక సాయంత్రం గేము కొత్త ప్రతి ఎక్కించి ఇంటికి తెస్తుంటే బోర్డు చేతిలోంచి జారి తెర పగిలింది. మరుసటి రోజే ఆసుపత్రిలో చేర్చాం.

అక్కడ మంచం మీద పడుకుని, "ఎక్కిచ్చినాక్కా," అన్నాడు.

"ఎవర్ని?"

"ముసలామెను. రెండు లార్లు తీసేసినా ఆమె కోసం. ఎక్కినాక డ్రైవరుతో ఒక మాటంటాది."

"ఏమంటాది?"

"ఆడి చూడు. నేను చెప్పను."

అప్పటికి వాడి కళ్లు పూర్తిగా పసుపుపచ్చగా ఉన్నాయి. నవ్వడానికి ప్రయత్నించాడు. నేను మళ్లీ అడగలేదు, తెర బాగుచేయించుకుని ఆడొచ్చనుకున్నాను. నాలుగో రోజు పోయాడు.

ఆళ్లగడ్డ తీసుకొచ్చి అంత్యక్రియలు చేశాం. ఆ బోర్డును వాడి ఇనుప పెట్టెలో బట్టల నడుమ పెట్టి, అమ్మతో, "ఇది నాకు కావాల మా. ఎవరికీ ఇయ్యొద్దు," అన్నాను. బడిలో పరీక్షలు. సెలవు రెండు రోజులకు మించి ఇవ్వలేదు. నంద్యాలకు తిరిగి వచ్చాను.

బెంగళూరులో వాడితో పనిచేసిన స్నేహితుడు బడికి ఫోన్ చేశాడు. ఉయ్యాలవాడ పిల్లవాడు. ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీలు ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయి కానీ ఇన్‌స్టిట్యూట్‌లో ఏ కంప్యూటరూ వాటిని చదవడం లేదని చెప్పాను.

"పర్వాల్యాక్కా, చిప్ ఉంటే చాలు. దాన్నుంచే కాపీ తీస్తా. కొత్త తెర గూడా తెచ్చి బిగిస్తా. దినాలు కానీ. మైల ఉండంగానే వస్తువుల కోసం వచ్చినట్ల ఉండగూడదు."

నాకూ అదే సరైనదనిపించింది. పెట్టెలో చీకటే కదా.

పదకొండోనాటి పెద్దదినానికి ముందురోజు మధ్యాహ్నం ఆళ్లగడ్డలో బస్సు దిగి ఇంటికి వెళ్లాను. అమ్మ మిద్దె మీద ఉంది. పాత దుప్పటి పరిచి, దాని మీద వాడి చేతిగడియారం, బెల్టు, దువ్వెన, ఆ బోర్డు వరసగా పెట్టింది. బోర్డు శుభ్రంగా ఉంది. పసుపు వాసన వేస్తోంది. చిప్ మీద గాజు కిటికీ ఎండకు మెరుస్తోంది. టేపు లేదు.

"పోయినోని వస్తువు అట్లే ఇస్తే యెట్లమ్మా నీకు," అంది అమ్మ. "బయటోళ్లకిచ్చేదైతే అట్లే ఇచ్చేద్దును. ఇంట్లో పెట్టుకోవాలంటే పసుపునీళ్లు తగలాల, దినాలయ్యేదాకా ఎండ తగలాల. తడిగుడ్డతో మెల్లిగా తుడిచినా. ఆ నల్లపట్టీ ఒగటి జిగటగా ఉంటే పెరికేసినా. నువ్వు పోయిన కాడ్నుంచి రోజూ పొద్దునే పెడ్తాండా, పొద్దు గూకంగానే లోపలికి తెస్తాండా."

చేతిలోకి తీసుకున్నాను. కాలుతోంది. కిటికీ మీద బొటనవేలు పెట్టాను. అప్పుడు దాని వల్ల ప్రయోజనం లేదని తెలుసు.

"బాగుండాదా?" అని అడిగింది.

"బాగుండాది మా," అన్నాను.

దినాలయ్యాక అమ్మను, బోర్డును కొన్నాళ్లకని నాతో నంద్యాలకు తెచ్చుకున్నాను. స్నేహితుడు కొత్త తెర తీసుకుని వచ్చాడు. ఎండలో పెట్టిన సంగతి వాకిట్లోనే అతనికి చెప్పాను. "ఒక్కోసారి పూర్తిగా పోదక్కా, చూద్దాం," అన్నాడు. కొడుకు రాసింది చూస్తానని అమ్మ కూడా మాతో ఇన్‌స్టిట్యూట్‌కు బయలుదేరింది. అక్కడ కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి పోవాలి. అమ్మకు ఆ పద్ధతి నచ్చింది. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు ఎక్కడున్నాయని కూడా అడిగింది.

అతను చిప్‌ను బోర్డు నుంచి ఊడదీసి, చదివే పెట్టెలో బిగించి, మీట నొక్కాడు.

తెర నిండా ఎఫ్‌లు వచ్చాయి. అతను కిందికి జరిపాడు. మళ్లీ అవే. ఇంకా కిందికి జరిపాడు. నడుమ ఎక్కడైనా ఒక్క వేరే అక్షరం తగులుతుందేమోనని నేను ప్రతి వరసా చదివాను. అచ్చుతప్పులు వెతికే అలవాటున్న కళ్లు నావి. ఒక్కటీ తగల్లేదు.

అమ్మ నా భుజం పక్క నుంచి వంగి చూసింది. అమ్మకు ఏ అక్షరాలూ రావు.

"ఇదంతా వాడు రాసిందేనా అప్పా?"

అతను నా వైపు చూశాడు. నేను తెర వైపు చూశాను.

"అవునమ్మా," అన్నాడు.

"ఇంత రాసినాడా." కొంగుతో చెయ్యి తుడుచుకుని, వేలితో తెర మీద ఒక వరస పొడవునా మెల్లిగా తాకింది. "ఎంత వరసగా రాసినాడో సూడు. యాడా సందు ఇడవల్యా. ఇంగా ఉండాదా?"

"ఉండాదమ్మా."

"సూపీ."

అతను చివరిదాకా చూపించాడు. అమ్మ చివరిదాకా నిలబడే చూసింది.

ఆ తర్వాత చిప్‌ను తిరిగి బోర్డులో బిగించాడు. సంచిలోంచి నల్ల టేపు చుట్ట తీసి, ఒక ముక్క తెంపబోయి, అమ్మ వైపు చూసి, చుట్టను మళ్లీ సంచిలో వేసుకున్నాడు. కొత్త తెర బిగించలేదు. అమ్మ అడగలేదు.

బోర్డును అమ్మే చీరకొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది, ఆళ్లగడ్డకు తిరిగి పోతూ వెంట తీసుకుపోయింది. ఇప్పటికీ ఎండాకాలం వచ్చిందంటే పెట్టెలోంచి తీసి, తడిగుడ్డతో తుడిచి, మిద్దె మీద పెడుతుంది. నేను ఆళ్లగడ్డలో ఉంటే, పొద్దు గూకాక దాన్ని లోపలికి తెచ్చే పని నాది.