అరవై తెడ్ల దూరం

రేగొండ వైపు మా చెరువులో చేపలు పట్టే ముసలాయన ఒళ్లో ఎప్పుడూ ఒక పాత ట్రాన్సిస్టర్ ఉండేది. పాటల కోసం కాదు. మంచులో గట్టు కనిపించనప్పుడు దాన్ని మెల్లగా తిప్పేవాడు. రేడియో కొస ఎటు తిరిగినప్పుడు హైదరాబాద్ స్టేషన్ గొంతు సన్నగిల్లుతుందో, అదే ఆయన దిక్కు. తూము దగ్గర మొదలుపెట్టి ఆ దిక్కుకు అరవై తెడ్లు వేస్తే, చెరువులో మునిగిపోయిన పాత బావి వస్తుంది. కొరమేనంతా అక్కడే.

ఆయన మానేస్తే ఆ బావి ఎవరికీ దొరకదని భయపడి, చేపల సొసైటీ వాళ్లు దాన్ని ఫోన్‌లోకి ఎక్కించమని నాకు చెప్పారు. నేను ఆయనతో పది తెడ్లు వేయించి, దూరం కొలిచి, ఆరుతో హెచ్చవేసి, తూము నుంచి ఆ దిక్కుకు అంత దూరంలో జీపీఎస్‌లో గుర్తు పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు పొద్దున తెప్ప మీద ఆ గుర్తు దగ్గరికి వెళ్లాం. ఆయన తాడుకు రాయి కట్టి వదిలాడు. వెంటనే నేల తగిలింది.

"లెక్క మరిచినవేమో, బాపూ," అన్నాను.

ఆయన రేడియో తిప్పి, గొంతు పడిపోగానే తెడ్డు అందుకున్నాడు. ఇంకో ఇరవై తెడ్లు వేసి మళ్లీ రాయి వదిలాడు. తాడు జరజరా దిగుతూనే పోయింది.

"నువ్వు కొలిచింది ఇయ్యాల్టి చెయ్యి, బిడ్డా," అన్నాడు రొప్పుతూ. "గా అరవై నా పడుసు చెయ్యిది."

గుర్తు జరిపాను. దానికి ఫోన్ పేరు అడిగింది. 'అరవై' అని పెట్టాను.