మావ ఏట్లో ఉమ్మేవాడు కాదు

మా మావ పోయాడని మొన్న పొద్దున్నే అత్త ఫోను చేసింది. "బేగి వచ్చీయే గుంటా. ఆయన్ని దోనెలోనే దాటించాల," అంది. ఏడుపుకన్నా ముందు ఆ మాటే.

సీలేరు కొండల్లో మా ఊరి శ్మశానం ఏటికి అవతల ఉంది. పోయినవాళ్లను దోనెలోనే, తెడ్డు వేసుకుంటూ దాటిస్తాం. నీళ్ల మీద ఉన్నంతసేపూ ఎవరూ నోరు విప్పరు. బతికినన్నాళ్లూ ఆ దోనె నడిపింది మావే. పైన్ తోట పక్క నుంచి, నీళ్లలో నిలబడ్డ మద్దిచెట్ల మధ్య నుంచి నిదానంగా తీసుకెళ్లేవాడు. నోట్లో ఎప్పుడూ పొగాకే. అయినా ఏట్లో ఉమ్మేవాడు కాదు. బుగ్గ ఉబ్బించుకుని, ఏం అడిగినా "ఊఁ" అంటూ ఒడ్డుకొచ్చి, తుప్పల్లో ఉమ్మి, అప్పుడు జవాబు చెప్పేవాడు. "ఏటి మావా, ఇంతసేపా?" అని వెక్కిరిస్తే, "నువ్వు తాగీ నీళ్లే కదే గుంటా," అనేవాడు. ఆ నీళ్లు తాగే పెరిగాను. తెడ్డు వేయడం నేర్పిందీ ఆయనే.

ఇప్పుడా ఏరు చూడాలి. ఛీ! పైన్ తోట కింద బీరు సీసాలు, బిర్యానీ డబ్బాలు, పిల్లల డైపర్లు. మద్దివేళ్ల సందుల్లో పచ్చటి నురగ, చచ్చిన చేపల కంపు. మీలో మా కొండలకు సరదాగా వచ్చేవాళ్లుంటారు. తిడుతున్నది మిమ్మల్నే అనుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

మావ తమ్ముడు ముక్కు మూసుకుని, "ఈ సెత్తలో తెడ్డు ఆడదు వదినా. టూరిస్టుల మోటారు బోటు మాటాడీసినాను. బేగి అయిపోద్ది," అన్నాడు.

అత్త మావను పడుకోబెట్టిన దోనెకు అడ్డంగా నిలబడింది. "అందులో తాగి ఊగినోల్లే ఇదంతా పారేసినారు. అది ఎక్కిత్తే మీ అన్న లేచి తిడతాడు. గుంటా, తెడ్డు అట్టుకో."

పట్టుకున్నాను. అత్త ముందు కూర్చుని సీసాలను చేత్తో పక్కకు తోస్తోంది. సగం దూరంలో ఆ మోటారు బోటే పాటలతో ఎదురొచ్చింది. అందులో ఒకడు మావ వైపు చూడనైనా చూడకుండా చిప్స్ పొట్లం విసిరాడు. అది మావ కాళ్ల మీద కప్పిన గుడ్డ మీద పడింది. నా నోరంతా బూతులతో, ఉమ్ముతో నిండిపోయింది. అత్త వెనక్కి తిరిగి వద్దన్నట్టు తలూపింది. పొట్లం తీసి చేతిలో పట్టుకుంది. నేను బుగ్గ బిగబట్టి తెడ్డు వేశాను.

అవతలి ఒడ్డున మావను దింపారు. అత్త చేతిలో పొట్లం అలాగే ఉంది. నా బుగ్గ కేసి చూసి, "ఇప్పుడు ఉమ్మీ," అంది.

తుప్పల దాకా నడిచి వెళ్లి ఉమ్మాను.